పళ్ళెములోని మఱ్ఱి



ఈ పర్యాయము మనము ఒక చిన్న చెట్టును గూర్చి విచారింతము. జానెడు ఎత్తు, గోరంత ఆకులు, లోతు లేని మట్టిపళ్ళెము, ముదుసలి చెట్టునకు వలె ముడతలు పడిన మొదలు. నేడు పట్టణములలో గృహప్రవేశములకును, ఉద్యోగ విరమణ సభలకును ఇట్టి చెట్టును కానుకగా నిచ్చు అలవాటు ప్రబలినది. జపానువారు దీనిని బోన్సాయి యనిరి. మనవారు వామనవృక్షమనిరి. కానుక ఇచ్చినవారు భోజనము చేసి వెళ్ళిపోవుదురు. చెట్టు మాత్రము మన ఇంట నిలిచిపోవును. దానితో మూడు ప్రశ్నలును నిలిచిపోవును. చెట్టును ఇట్లు కురుచ చేయుట హింస కాదా? అట్టిది ఇంటనున్నచో కుటుంబాభివృద్ధి కుంటుపడునన్న మాట నిజమా? దీనిని బ్రదికించు విధమేది? ఈ మూడింటిని వరుసగా చూతము.

బోన్ అనగా పళ్ళెము. సాయి అనగా నాటుట. పళ్ళెమున నాటినదని ఆ మాటకు అర్థము. ఈ విద్యకు పుట్టినిల్లు చీనాదేశము. క్రీ.శ. 706లో నిర్మింపబడిన జాంగ్‌హువాయ్ యువరాజు సమాధి గోడలమీద, చిన్న మొక్కలుగల పళ్ళెమును చేతబట్టిన పరిచారకుల చిత్రములు కలవు. అక్కడనుండి అది జపానునకు పోయినది. 1309 నాటి కసుగ గోంగెన్ చిత్రపటములందు పళ్ళెములలోని చెట్లు కనబడును. 1923లో పెనుభూకంపము టోక్యో నగరమును నేలమట్టము చేసిన పిమ్మట, ఈ చెట్లను పెంచు తోటపనివారు నగరమును విడిచి ఓమియ వద్దకు చేరి, 1925లో ఒక గ్రామమునే నెలకొల్పుకొనిరి. చిన్నచెట్ల సేవయే ఆ గ్రామస్థుల కాయకము.

ఇది పరదేశపు విద్యయే. కాని దాని మూలసూత్రము మన కన్నులకు కొత్తది కాదు. పాత బావి గోడను చూడుడు. పిట్ట తిని విసర్జించిన విత్తనము రాళ్ళ సందున పడి, పిడికెడు మట్టి కూడ లేనిచోట మఱ్ఱిమొక్క మొలచును. ఏండ్లు గడచినను అది మూరెడే యుండును. మొదలు మాత్రము లావెక్కి ముడతలు పడును. అదే విత్తనము కదిరి సమీపమున విశాలమైన నేలను పొందినది; తిమ్మమ్మ మఱ్ఱిమాను అయినది. సుమారు 5 ఎకరముల నేలను కప్పిన ఆ వృక్షము 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. గోడమీది మొక్కయు, కదిరి మహావృక్షమును జాతిచేత ఒక్కటియే. చోటు చాలినంత వఱకు చెట్టు పెరిగినది. చాలనిచోట ఉన్నంతలో ఒదిగి బ్రదికినది. బోన్సాయి పెంచువాడు చేయునది ఇంతే: చోటును నిర్ణయించుట, ఆ చోటున చెట్టునకు కావలసినవన్నియు సమకూర్చుట.

ఇక మొదటి ప్రశ్న. చెట్టును ఆకలితో మాడ్చి కురుచ చేయుదురని పలువురు తలంతురు. అది పొరపాటు. మాడిన చెట్టు కురుచ కాదు, చచ్చును. పళ్ళెములోని చెట్టునకు నేలలోని చెట్టుకంటె ఎక్కువ శ్రద్ధతో నీరు, ఎరువు అందింపవలెను. కొమ్మ కత్తిరించుట గాయము కాదా యందురు. అడవిలో మేక కొరకును, గాలి విఱుచును, చెట్టు మరల చిగిర్చును. చిగిర్చు శక్తిగల కాలమున, చిగిర్చు చోట కత్తిరించినంత మాత్రమున దానికి హాని లేదు. అయినను ఈ ప్రశ్న వేసినవారిని నేను తప్పుపట్టను. బసవేశ్వరుని బోధలో దయకు గల స్థానము నెఱిగినవారు వేయదగిన ప్రశ్నయే అది. హింస ఉన్నచోటు మాత్రము కత్తెరలో లేదు, మరపులో నున్నది. నేలలోని చెట్టు వేరు చాచి నీటిని వెదకికొనును. పళ్ళెములోని చెట్టునకు వెదకుటకు చోటు లేదు. ఆ చోటును మనమే తీసికొంటిమి. కావున దానికి మేఘము మనమే, ఏరును మనమే. ఒక ప్రాణియొక్క స్వతంత్రమును తగ్గించినవాడు ఆ తగ్గించినంత బాధ్యతను తలకెత్తుకొనవలెను. అట్లు ఎత్తుకొనలేనివాడు చెట్టును ఇంటికి తేకుండుటయే దయ.

రెండవ ప్రశ్నకు సమాధానము సులభము. కురుచ చెట్టు ఇంటనున్నచో సంతానము, సంపద కురుచయగునని వాస్తు పేరిట చెప్పువారు కలరు. ఆ మాట విని బ్రదికియున్న చెట్టును చెత్తకుప్పలో పారవేసినవారును కలరు. శకునములను, దుర్ముహూర్తములను కాదని నిలిచిన శరణుల మార్గమున నడచు మనకు ఇట్టి భయమేల? పూర్వులు ఇంటిగోడలపై మఱ్ఱి, రావి మొలవనీయకుండుటకు కారణము కలదు. ఆ వేళ్ళు గోడలను చీల్చును. పళ్ళెములోని వేరు దేనిని చీల్చును? కుటుంబము కుంటుపడుట సోమరితనముచేతను, కలహముచేతను గాని చెట్టుచేత కాదు. అట్లే మరియొక మాట. చెట్టునకు పసుపు కుంకుమలు పెట్టి పూజాగృహపు చీకటిమూలన నుంచుటయు తగదు. ఇష్టలింగధారులకు వేరొక పూజ అక్కరలేదు. చెట్టునకు కావలసినది సేవ. అది కోరు దీపము సూర్యుడొక్కడే.

ఇక మూడవ ప్రశ్న, బ్రదికించు విధము. ఇది కొంత వివరముగా చెప్పవలసినది.

మొదట చెట్టు జాతిని తెలిసికొనవలెను. ఇంటిలో పుట్టిన చెట్టు లోకమున ఏదియు లేదు. కొన్ని చెట్లు ఇంటిని సహించును, కొన్ని సహింపవు. దేవదారు, జూనిపర్ వంటివి చలిదేశపు చెట్లు. వానికి ఆరుబయలు, శీతకాలపు విశ్రాంతి కావలెను. వానిని గదిలో నుంచినచో చచ్చును. జూనిపర్ చచ్చిన పిదపను కొన్ని వారములు పచ్చగానే కనబడును. యజమాని అది బ్రదికియున్నదనుకొని నీళ్ళు పోయుచునే యుండును. క్రొత్తగా ఆరంభించువారికి తగినది ఫైకస్. అది మఱ్ఱి, రావి, మేడి, జువ్విలకు చుట్టము. మన వేడిమికి అలవాటుపడినది. రెండవది జేడ్ అను దళసరి ఆకుల మొక్క. ఆఫ్రికా దక్షిణభాగమున పుట్టిన ఆ మొక్క నీటిని ఆకులలో దాచుకొనును గనుక ఒకనాటి మరపును క్షమించును. డబ్బు వెచ్చింపలేనివారు వానకాలమున గోడల సందులలో మొలచిన మఱ్ఱి పిల్లమొక్కను వేళ్ళు తెగకుండ తీసి పెంచుకొనవచ్చును. ఎట్లయినను ఎవరో పీకిపారవేయు మొక్కయే గదా!

రెండవది వెలుతురు. మనుష్యుని కన్ను మసక వెలుగునకు సర్దుకొనును. గది మధ్యనున్న బల్లమీద మనకు వెలుతురు చాలినట్లే తోచును. చెట్టునకు అది ఉపవాసము. ఆకు తన అన్నమును వెలుతురుతో వండుకొనును గనుక కిటికీ ప్రక్కనే, సాధ్యమైనచో తూర్పు కిటికీ వద్ద నుంచవలెను. ఉదయపు ఎండ మేలు చేయును. మే నెలలో పడమటి ఎండ లోతులేని పళ్ళెమును పెనమువలె కాల్చి వేళ్ళను ఉడికించును, దానినుండి కాపాడవలెను. శీతల యంత్రపు గాలి నేరుగా తగులరాదు. వారమున కొకమారు పళ్ళెమును కొంచెము త్రిప్పవలెను. లేనిచో చెట్టు ఒకవైపే వెలుతురునకు వంగిపోవును. ఇక దానిని క్రొత్తచోట నుంచగనే ఫైకస్ ఆకులు రాల్చుట కలదు. అది చావు కాదు, చోటు మారిన దిగులు. అప్పుడు కంగారుపడి నీళ్ళు కుమ్మరింపక, మరల మరల చోటు మార్చక, ఓర్పుతో నుండినచో చిగురు వచ్చును.

మూడవది నీరు. ఎక్కువ చెట్లు చచ్చునది ఇక్కడనే. ప్రతిదినము ఒక గ్లాసు అనియో, సోమవారము శుక్రవారము అనియో నియమము పెట్టుకొనరాదు. ప్రతిదినము తప్పక చేయవలసినది చూచుట, పోయుట అవసరమునుబట్టి. వ్రేలిని అరంగుళము మట్టిలోనికి దింపి చూడుడు. తడి తగిలినచో ఆగుడు. ఆరనారంభించినచో పోయుడు. పోసినపుడు అడుగు రంధ్రములనుండి కారువఱకు పోయవలెను. కొన్ని నిమిషములాగి మరియొకమారు పోయుట మంచిది. పైపైన చిలకరించిన నీరు పైమట్టిని తడిపి లోని వేరును ఎండబెట్టును. అడుగున పెట్టిన పళ్ళెరములో నీరు నిలువ నుంచరాదు. వేరు కూడ ఊపిరి పీల్చును. మట్టిలోని సందులన్నియు నీటితో నిండినచో గాలి లేక వేరు కుళ్ళును. కుళ్ళిన వేరు నీటిని త్రాగలేదు గనుక ఆకులు వాడును. వాడిన ఆకులను చూచి తెలియనివాడు మరికొంత నీరు పోయును. ప్రేమ అధికమై విచారణ లేనపుడు ఇట్లే జరుగును. వేసవిలో రాయలసీమ ఎండలకు దినమునకు రెండుమార్లు పోయవలసి రావచ్చును. ముసురు పట్టినపుడు రెండుమూడు దినములు అవసరమే లేకపోవచ్చును. క్యాలెండరును నమ్మక వ్రేలిని నమ్ముడు.

నాలుగవది మట్టి. నల్లరేగడి పొలమునకు బంగారము, ఈ పళ్ళెమునకు మాత్రము పనికిరాదు. నీటిని పట్టి బిగుసుకొనును. ఇటుక ముక్కలను పెసరగింజ మొదలు శనగగింజ వఱకు గల పరిమాణమున కొట్టి, ముతక ఇసుక, బాగుగా చివికిన ఆకు ఎరువు చేర్చి, జల్లెడపట్టి దుమ్మును తీసివేయవలెను. అంగడినుండి తెచ్చిన చెట్లలో కొన్నింటికి పైమట్టిమీద గులకరాళ్ళను జిగురుతో అంటించియుందురు. చూపునకు బాగుండును గాని నీరు లోనికి దిగదు. ఇంటికి తెచ్చిన వెంటనే వానిని ఊడదీయవలెను. పళ్ళెమున రంధ్రము కలదో లేదో తలక్రిందుచేసి చూడవలెను. రంధ్రము లేని పళ్ళెము చెట్టునకు నూయి.

రెండుమూడేండ్లకొకమారు, ఎండలు తగ్గి తొలకరి పడు కాలమున, ఫైకసును పళ్ళెమునుండి తీసి, చుట్టలుచుట్టుకొన్న వేళ్ళలో మూడవవంతునకు మించకుండ కత్తిరించి, క్రొత్తమట్టిలో నాటవలెను. పిదప రెండు వారములు నీడలో నుంచవలెను. కొందరు తల్లివేరు పోయినచో చెట్టు పోవుననుకొందురు. నిజమునకు నిత్యము నీరు తెచ్చునది సన్నని పిల్లవేళ్ళే. ఇంటిని నిలుపునది కూడ పేరుగాంచిన పెద్ద ఒక్కడే కాదు. వంటయింటిలోను, పెరటిలోను కనబడకుండ శ్రమించు చేతులును కలవు.

ఐదవది కత్తిరింపు. చిగురు ఆరు ఎనిమిది ఆకులు వేయువఱకు వేచి, రెండాకులు నిలిపి కత్తిరించినచో కొమ్మ చీలి గుబురగును. వేచియుండుట ముఖ్యము. బలము కూడకమునుపే కత్తిరించిన చెట్టు క్షీణించును. కత్తెర పదునుగాను శుభ్రముగాను ఉండవలెను. ఫైకసునకు పాలు కారును. భయము లేదు, తడిగుడ్డతో తుడిచిన చాలును. పెరుగు కాలమున పదునైదు దినముల కొకమారు, చెప్పిన మోతాదులో సగమే ఎరువు ఇయ్యవలెను. జబ్బుపడిన చెట్టునకును, క్రొత్తగా మట్టి మార్చిన చెట్టునకును ఎరువు పెట్టరాదు. ఆకుల మొదళ్ళలో దూదివంటి తెల్లని పిండినల్లి కనబడినచో సబ్బునీటిలో ముంచిన దూదితో తుడిచివేయవలెను. రోజు చూచువానికి అది గింజంతయుండగనే దొరకును. నెలకొకమారు చూచువానికి చెట్టంతయైన పిమ్మట కనబడును.

ఆరవది తీగ. కొమ్మను వంచుటకు అల్యూమినియం తీగను చుట్టుదురు. తీగ లావు కొమ్మలావులో సుమారు మూడవవంతు ఉండవలెను. చుట్టు వదులుగాను ఉండరాదు, బిగుసుకొనియు ఉండరాదు. ఒక్కనాడే వంచిన కొమ్మ విఱుగును. కొద్దికొద్దిగా వంచినచో ఒదుగును. అన్నింటికంటె ముఖ్యము, తీగను విప్పు కాలము నెఱుగుట. కొమ్మ పెరుగును, తీగ పెరుగదు. సకాలమున తీయనిచో తీగ బెరడులోనికి కోసుకొనిపోయి, తీసిన పిదపను ఏండ్లతరబడి మచ్చ మిగులును. తీయునపుడు కూడ చుట్లు విప్పుచు లాగరాదు, చిగురులు రాలును. ముక్కముక్కలుగా కత్తిరించి తీయవలెను.

తల్లిదండ్రులారా, ఇక్కడ ఒక నిమిషము ఆగుడు. పాఠశాలలో ముప్పది ఏండ్లు పిల్లలను చూచినవానికి ఈ తీగ క్రొత్తది కాదు. పసివానికి నియమము కావలెను. వేకువనే లేచుట, స్నానము, లింగపూజ, చదువు, పెద్దలయెడ వినయము, ఇవన్నియు తీగచుట్లే. అవి లేనిచో కొమ్మ ఎటుపడిన నటు పోవును. కాని పదియేండ్ల వానికి చుట్టిన తీగను ఇరువదియేండ్ల వానికి కూడ ఉంచినచో అది మనస్సులోనికి కోసుకొనిపోవును. చదువు, ఉద్యోగము, వివాహము అన్నియు మేమే నిర్ణయింతుమను ఇంటిలో పైకి కనబడని మచ్చలు ఎన్నియో కలవు. కొమ్మ ఆకారమును పట్టినదో లేదో అప్పుడప్పుడు పరీక్షించి, పట్టిన వెంటనే తీగను తీయుటయే పెంపకము. తీసిన పిదపను కొమ్మ నిలిచినచో అది సంస్కారము. తీయగనే వెనుకకు తిరిగినచో అది సంస్కారము కాదు, బందిఖానా.

మరియొక విషయము. ఊరికి పోవునపుడు చెట్టు సంగతి ఏమి? నీటిలో ముంచి పోవుటకు వీలులేదు, ఎండలో విడిచిపోవుటకు వీలులేదు. నీడపట్టున నుంచి, ఇరుగుపొరుగున ఒకరికి వ్రేలితో మట్టి చూచుట నేర్పి అప్పగింపవలెను. పొరుగువారితో పలుకరింపే లేని నగర గృహములలో ఈ చిన్నచెట్టు ఒక తలుపును తెరచును. తిరిగివచ్చి వారి చెట్టును మనము చూతుము. పుచ్చుకొనుటయు ఇచ్చుటయు సమానమైనచోటనే దాసోహము ఇంటి గుమ్మమునకు వచ్చును.

ఇక సేవ ఎంతకాలమనగా ఒక ఉదాహరణము చెప్పెదను. 1625 నుండి పళ్ళెమున పెరిగిన ఒక తెల్లదేవదారును హిరోషిమా నగరమున యమాకి కుటుంబమువారు తరతరములుగా పెంచిరి. 1945 ఆగస్టు 6న ఆ నగరముపై అణుబాంబు పడినది. బాంబు పేలిన చోటికి వారి తోట రెండుమైళ్ళ లోపుననే యున్నది. తోట ప్రహరిగోడ అడ్డుపడుటచే ఆ చెట్టు బ్రదికినది, కుటుంబమును బ్రదికినది. 1976లో అమెరికా స్వాతంత్ర్యపు ద్విశతాబ్ది సందర్భమున జపాను పంపిన కానుకలలో ఆ చెట్టును మసారు యమాకి చేర్చి ఇచ్చెను. తన నగరమును కాల్చిన దేశమునకే ఇచ్చెను. అది వాషింగ్టను నగరమున బోన్సాయి ప్రదర్శనశాలలో చేరినది. 2001లో ఆయన మనుమలు వచ్చి చెప్పువఱకు, అది హిరోషిమాలో బ్రదికి బయటపడిన చెట్టని అక్కడివారికి తెలియదు. ఇరువదియైదేండ్లు ఆ కానుక తన గాయమును చెప్పుకొనలేదు. ఇచ్చి చెప్పుకొనని దానికన్న గొప్ప దాసోహమేది?

ఆ చెట్టు బ్రదికినది ఒక్కనాటి వీరత్వముచేత కాదు. ప్రతిదినము ఎవరో ఒకరు మట్టిని ముట్టి చూచిరి. తాత చేయి విడిచినచోట తండ్రి చేయి, తండ్రి చేయి విడిచినచోట కొడుకు చేయి పట్టుకొనినది. మధ్య ఒక్క వేసవిలో, ఒక్క వారము ఎవరైనను మరచియుండినచో ఆ చరిత్ర అంతయు అక్కడనే ముగిసియుండును.

పెద్దచెట్లకు మన అవసరము లేదనుకొనరాదు. మహబూబునగరపు పిల్లలమఱ్ఱికి చెదలు పట్టగా, 2018లో రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వ్రేలాడగట్టి దానికి మందు ఎక్కించిరి. వందల ఏండ్లుగా ఎందరికో నీడనిచ్చిన చెట్టు మనుష్యుని చేతికొరకు ఎదురుచూచినది. పళ్ళెములోని చెట్టును సరిగా చూడనేర్చిన కన్ను ఊరిచెట్టు జబ్బును కూడ ముందుగా చూడగలదు. మఠముల ఆవరణలలోను, పాఠశాలలలోను నున్న చెట్ల మొదళ్ళకు సిమెంటు పోసి ఊపిరి ఆడకుండ చేయుచున్నవారు ఇంటిలోని పళ్ళెము నేర్పు ఈ పాఠమును గ్రహింతురుగాక: వేరునకు గాలి కావలెను.

మన పరిభాషలో స్థావరమనగా నిలిచియుండునది, జంగమమనగా చరించునది. చెట్టు స్థావరము. దానికి కాళ్ళు లేవు, నోరు లేదు. దాని దాహమును తెలిసికొని నీటిని మోసికొని నడచు మనుష్యునియందు జంగమత్వమున్నది. అడుగలేనిదానికి అడుగకమునుపే ఇచ్చుట నేర్చినవాడు, అడుగుటకు మొగమోటపడు వృద్ధురాలైన తల్లి అవసరమును కూడ కనిపెట్టును. మందు అయిపోయినదని చెప్పని తండ్రి మౌనమును కూడ వినును. ఇంటి మూలన వాడిన చెట్టునకు తడి చూచు వ్రేలు ఆ ఇంటి మూలన కూర్చున్న పెద్దల నుదుటిని కూడ తాకవలెను. అట్లు కానిచో ఈ సేవ వినోదమే.

కావున మీ ఇంటికి ఇట్టి చెట్టు వచ్చినచో దాని జాతిని తెలిసికొనుడు. కిటికీ వద్ద చోటు చూపుడు. ఉదయమున పూజ ముగిసిన వెంటనే ఒక వ్రేలితో దాని మట్టిని పలుకరింపుడు. ఇంటిలోని పిల్లవానికి ఈ పని అప్పగించి, వాడు మరచిననాడు కోపింపక చెట్టునే చూపుడు. అంత తీరిక లేదని తోచినచో సిగ్గుపడనక్కరలేదు. చూడగల చేతికి దానిని అప్పగింపుడు. ఇట్టిది కానుకగా ఇచ్చువారు పుచ్చుకొనువారి కిటికీని, తీరికను విచారించి ఇయ్యుడు.